స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎక్కే మనిషి

అప్పటికే డీజిల్ పోసిన రేకు తొట్టి భగ్గుమంది. ముందు వరసలో కూర్చున్న బడిపిల్లలు కెవ్వుమని లేచి వెనక్కి పడ్డారు. వాళ్ళని తప్పించుకోబోయి ఒకాయన నా కాలు తొక్కాడు. టీ ఫ్లాస్కు కింద పడకుండా పొట్టకు అదుముకుని నేను "అయ్యో దేవుడా" అన్నాను. మైకులో ఫైరాఫీసరు నవ్వుతూ, "భయపడకండి, ఇది నేర్పించడానికి పెట్టిన మంట, నిజం మంట కాదు" అంటున్నాడు. మంటకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. నా మొహమంతా సెగ కొట్టింది.

ఫైరాఫీసు డ్రైవరన్న నురుగు చల్లాడు. మంట బుస్సుమని అణిగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఏటా ఎండాకాలం మొదట్లో మా ఊరి హైస్కూలు గ్రౌండులో ఇట్లా మంట పెట్టి ఆర్పి చూపిస్తారు. ఆఫీసువాళ్ళు టీ తెమ్మంటే తీసుకెళ్ళాను, అంతే.

కొత్త ఆఫీసరు మంచివాడిలాగే ఉన్నాడు. ఉగాదికి ముందు బదిలీ మీద వచ్చాడు. ఏదీ దాచలేదు. "మా స్టేషన్లో ఉండాల్సినంత మంది లేరండి. ఉన్నవాళ్ళలో ఒకరు సెలవు పెడితే బండి మీద డ్రైవరూ ఇంకొకరూ మిగులుతారు. పైపు పట్టుకోవాలి, నీళ్ళు వదలాలి, జనాన్ని వెనక్కి జరపాలి. ఇద్దరితో అయ్యే పని కాదు. మీలోంచి వాలంటీర్లు రావాలి" అని, అట్టపెట్టెలోంచి నారింజరంగు కోటు ఒకటి తీసి రెండు చేతులతో ఎత్తి చూపించాడు. వీపు మీద ఫైర్ వాలంటీర్ అని పెద్ద పెద్ద అక్షరాలు. ఎండకు మెరిసిపోతున్నాయి.

"ఇదివరకు మీ ఊళ్ళో ఇలా మా బండితో వచ్చి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

నేను డ్రైవరన్న వైపు చూశాను. ఆయన పైపు చుట్టుకుంటున్నాడు. చుట్టిన పైపునే విప్పి మళ్ళీ చుట్టుకుంటున్నాడు.

అప్పుడు టెంట్ హౌస్ ఓనరు బామ్మర్ది మోటార్ సైకిల్ దిగకుండానే అరిచాడు. "ఉండె సార్ ఒకాయప్ప! గంగాళాలు ఆర్పేదానికి పోయి ఆడే ఉండిపాయ!"

గ్రౌండంతా నవ్వింది. ఆఫీసరుకు ఏమీ అర్థం కాలేదు. జనం నవ్వుతున్నారు కదా అని ఆయన కూడా నవ్వాడు.

ఫ్లాస్కులో ఇంకా టీ ఉంది. మూత బిగించుకుని వచ్చేశాను. అట్లా నవ్వినవాళ్ళకు నేనెందుకు పోయాలి?

ఆ ఆయప్పే మా చిన్నాయన. చుట్టరికం ఏమీ లేదు. మా టీ అంగడి పక్కనే ఆయన రేకు బంకు. ఆటోలకూ బైకులకూ సీటు కవర్లు కుట్టేవాడు. నేను పదో తరగతి పరీక్ష తప్పి అమ్మ పక్కన టీ గ్లాసులు కడగడానికి నిలబడ్డ రోజు, "ఏం పాపా, ఏ సబ్జెక్టు?" అని అడిగాడు. లెక్కలు అన్నాను. "మంచిదే. చిల్లర తప్పుగా ఇచ్చినా నిన్నెవురూ ఏమనరు" అన్నాడు. అప్పటినుంచీ చిన్నాయన అనే పిలిచాను. వాళ్ళావిడ చిన్నమ్మ. ఆమె బంకు లోపల కింద కూర్చుని స్పాంజి కోసిచ్చేది, ఆయన మిషను తొక్కేవాడు. ఇద్దరి మీదా ఎప్పుడూ రెగ్జిన్ వాసన.

మనిషి పొట్టి. మెడ ముందుకు పెట్టి నడిచేవాడు. ఎండల్లో మేమందరం చెప్పులు కూడా వదిలేసి తిరుగుతుంటే ఆయన మాత్రం పొద్దున్నించీ గుడ్డ బూట్లు వేసుకునే ఉండేవాడు, లేసులు కట్టకుండా లోపలికి దోపి. "ఆఫీసర్ కొలువు చేస్తా ఉండావా, ఆ బూట్లేంది?" అని అమ్మ ఎగతాళి చేసేది. "బండి వచ్చినాక యాడ ఎతుక్కునేదిమ్మా?" అనేవాడు.

బండి అంటే ఫైరింజను.

ఈ సంగతి మా ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు, మీకు చెప్పాలి. ఫైరాఫీసు నుంచి బండి ఎటు పోవాలన్నా మా అంగడి ముందు నుంచే పోవాలి. మా అంగడి ముందు స్పీడ్ బ్రేకర్ ఉంది, బడిపిల్లల కోసం వేసింది. ఆఫీసులో మనుషులు చాలని రోజు, డ్రైవరన్న సైరన్ మోగిస్తూనే ఆ మలుపు దగ్గర గంట టంగ్ టంగ్‌మని రెండుసార్లు విడిగా కొట్టేవాడు. అది చిన్నాయనకు పిలుపు. స్పీడ్ బ్రేకర్ మీద బండి నిదానిస్తుంది. చిన్నాయన మిషను మీంచి లేచి, రోడ్డుకు అడ్డం పడి, వెనక మెట్టు మీద కాలు పెట్టి కమ్మీ పట్టుకునేవాడు. బండి వెళ్ళిపోయేది.

ఒక్కసారి కూడా బండి ఆగలేదు. ఆగకూడదు.

నేను అడిగాను ఒకసారి. "ఎందుకు చిన్నాయనా ఈ సర్కస్సు? ఒక్క నిమిషం ఆపితే వాళ్ళ సొమ్మేం పోతాది? జారి పడితే?"

ఆయన నోట్లో సూది పెట్టుకుని మాట్లాడేవాడు. "ఆపితే వాళ్ళు నన్ను ఎక్కించుకున్నట్ట. బయట మనిషిని ఎక్కించుకుంటే వాళ్ళ ఉద్యోగాలు పోతాయి. నిదానిస్తే? స్పీడ్ బ్రేకర్ కాడ ఎవురైనా నిదానిస్తారు. నేనే ఎక్కినట్ట."

"మరి నీకేం వస్తాది?"

"గాలి వస్తాది పాపా. ఎనక నిలబడితే ఆ గాలే వేరు."

అమ్మ ఊరుకునేది కాదు. "జీతం లేదు, బత్యం లేదు. ఎవురు పెట్టినారయ్యా నీకీ కొలువు?"

"స్పీడ్ బ్రేకర్ పెట్టిందమ్మా" అనేవాడు.

ఆయన గురించి గొప్పలు చెప్పడానికి నేను కూర్చోలేదు. గొప్పవాడేమీ కాదు. చెప్పిన రోజుకు సీటు కవరు ఎప్పుడూ ఇచ్చేవాడు కాదు. ఆటోవాళ్ళు తిట్టేవాళ్ళు. వచ్చిన ప్రతివాడికీ మంటల కథలే. గడ్డివామి అంటుకున్న కథ రెండోసారి చెప్పేటప్పటికి రెండు వాములయ్యేది. చిన్నమ్మ లోపల నుంచి, "ఇంగో వామి కూడా యేసుకో, అగ్గిపెట్టి నేనిస్తా" అనేది.

ఇంకొకటి చెప్తే నవ్వుతారు. ఒక ఎండాకాలం ఆయన ఎర్ర రెగ్జిన్‌తో తనకు కోటు కుట్టుకున్నాడు. మెడ దాకా గుండీలు, చేతులకు ఎలాస్టిక్. వేసుకుని వచ్చి మా అంగడి ముందు అటూ ఇటూ తిరిగాడు. డ్రైవరన్న అప్పుడు మా బెంచీ మీదే కూర్చుని టీ తాగుతున్నాడు. కోటు చూసి, టీ ముక్కులోకి పోయి, దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నువ్వు మంట ఆర్పేదానికి పోతావా, మంటకు మేత యేసేదానికి పోతావా? అందరికన్నా ముందు అంటుకునేది నీ కోటే గదప్పా!"

చిన్నాయన కోటు విప్పాడు. ఆ సాయంత్రమే దాన్ని కోసి ఒక బుల్లెట్ బండికి సీటు కుట్టేశాడు. ఆ తర్వాత లారీవాళ్ళు పారేసిన పాత టార్పాలిన్‌తో ఇంకో కోటు కుట్టుకున్నాడు. అది మంచి కోటు. బరువుగా, వంకరగా, మట్టి రంగులో ఉండేది. "వెనకాల ఏమన్నా రాయించు చిన్నాయనా, ఫైర్ అనో ఏదో, బాగుంటాది" అన్నాను.

"రాయకూడదు. రాస్తే వాళ్ళు నన్ను సూసినట్ట."

ఆ మాట అప్పుడు నాకు తమాషాగానే అనిపించింది.

టీ కూడా ఆయన తీరే వేరు. తాగేటప్పుడు గంట వినపడితే గ్లాసు మీద సాసరు బోర్లించి పోయేవాడు. వచ్చి, మసి మొహంతో, ఆ మిగిలినదే తాగేవాడు. వేడి టీ పోస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. "వేడి సాలు పాపా ఈ పొద్దుకు" అనేవాడు.

ఆయనకు చెవుడు అని ఊరందరికీ నమ్మకం. నేనూ నమ్మాను. మంట సంగతి చెప్పడానికి ఎవరొచ్చినా, చెవి వెనక చెయ్యి పెట్టి, "గట్టిగా చెప్పప్పా, ఇనపడలా" అనేవాడు. ఒకరోజు గడ్డి లారీ ఒకటి పైన కరెంటు తీగ తగిలి అంటుకుంది. క్లీనరు కుర్రాడు ఉరుకుతూ వచ్చి మా అంగడి ముందు కూలబడ్డాడు. "అన్నా, అయిపాయనన్నా, మా ఓనరు నన్ను సంపేస్తాడన్నా, నాకు తెలవదన్నా" అని ఒకటే ఏడుపు. లారీ ఎక్కడుందో చెప్పడే! నేనూ అమ్మా వాడి భుజాలు పట్టుకుని ఊపుతున్నాం. చిన్నాయన నిదానంగా వచ్చి వాడి ముందు గొంతుక్కూర్చుని, చెవి వెనక చెయ్యి పెట్టాడు. "గట్టిగా చెప్పప్పా, ఇనపడలా."

వాడు ఊపిరి పీల్చుకుని, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు. "నాయుడుపేట రోడ్డు. పెట్రోలు బంకు దాటినాక. వేపచెట్టు తావ."

ఆ సాయంత్రం చల్లారిన టీ తాగుతుంటే అడిగాను. "ఆసుపత్రిలో చూపించుకోకూడదా చిన్నాయనా, ఆ చెవి?"

"నా చెవికేమైంది? నువ్వు బోరింగు ఎనకాల నిలబడి ఫోన్లో గుసగుసలాడేది కూడా ఇనపడతా ఉండాది" అన్నాడు. నా మొహం కందిపోయింది. అమ్మ అటు తిరిగి ఉంది, నా అదృష్టం. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. "అగ్గి సూసినోడు మొదటిసారి ఏడుపు చెప్తాడు పాపా. రెండోసారి అడిగితే అడ్రసు చెప్తాడు. అందుకే అడిగేది."

మార్కెట్లో కూరగాయల అంగళ్ళు కాలిపోయిన ఏడు, మున్సిపాలిటీవాళ్ళు ఫైరాఫీసు సిబ్బందిని పిలిచి శాలువాలు కప్పారు. ఆ రోజు మంటలోంచి గ్యాసు బండ బయటికి లాగింది చిన్నాయనే. నేను కళ్ళారా చూశాను. శాలువాలు కప్పే చోట ఆయన ఆఖరి వరసలో నిలబడి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. వస్తూ దారిలో నేను గొణుగుతుంటే, "నా పేరు చెప్తే ఆ ఫైరాఫీసు పిల్లోళ్ళను ఇంటికి పంపిస్తారు. గమ్మునుండు" అన్నాడు. కాసేపటికి ఆయనే మళ్ళీ, "శాలువా పలచగా ఉండాది. సూసినావా? గుడ్డ మంచిది కాదు" అన్నాడు. కుట్టుపని చేసేవాడు కదా, గుడ్డ నాణ్యం చూశాడనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, దాన్ని అంత దగ్గరగా చూశాడంటే ఎంత కావాలనుకున్నాడో అనిపిస్తుంది.

పోయిన ఎండాకాలం, మధ్యాహ్నం. రోడ్డు మీద కుక్క కూడా లేదు. ముందు సైరన్, తర్వాత గంట, రెండుసార్లు. చిన్నాయన గ్లాసు మీద సాసరు బోర్లించాడు. కోటు చంకలో పెట్టుకుని ఎక్కాడు. కాలు మెట్టు మీద సరిగ్గా పడలేదు, ఒక అడుగు ఎగిరి పట్టుకున్నాడు. "సూసుకో!" అని చిన్నమ్మ లోపల నుంచి అరిచింది. ఆయన వెనక్కి తిరిగి ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వినపడలేదన్నట్టు చూపించాడు. మేమిద్దరం నవ్వాం.

కాలింది టెంట్ హౌస్ గోడౌను. షామియానాలు, స్పాంజి కుర్చీలు, కార్పెట్లు, వెనక గదిలో పెళ్ళి వంటల ఇత్తడి గంగాళాలు. ఇక ఆ పొగ ఎట్లా ఉంటుందో చెప్పాలా! ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి కథ చిన్నప్పుడు విన్నాం. ఇప్పుడు నిప్పు ఎవరూ అడగరు, ఫోన్లు పైకెత్తి నిలబడతారు. ఊరంతా అట్లాగే నిలబడిందట. చిన్నాయన వాళ్ళను తోసుకుంటూ, "ఫోన్లు లోపల పెట్టండప్పా! లోపల ఎవురన్నా ఉండారా?" అని అరిచాడట. ఎవరో "వాచ్‌మన్ ఉండాడు, ఎనక గదిలో నిద్రపోతా ఉంటాడు" అన్నారు.

ఆ ఒక్కసారి మాత్రం ఆయన రెండోసారి అడగలేదు. టవలు తడుపుకుని ముక్కుకు కట్టుకుని పోయాడు.

వాచ్‌మన్ లోపల లేడు. జనంలోనే ఉన్నాడు. అన్నం తిని వచ్చి, అందరితోపాటు నిలబడి, తన గోడౌను కాలేది తనే ఫోన్లో తీస్తున్నాడు. తన పేరు అనుకుంటున్నారని ఆ గోలలో వాడికి వినపడలేదు.

చిన్నాయనను వెనక గదిలో గంగాళాల పక్కన కనుక్కున్నారు. కాలలేదు. పొగకే పోయాడు. గంగాళాల వెనకే వాచ్‌మన్ మంచం వేసుకునేది. ఆ మంచం కాలిపోయింది, గంగాళాలు మిగిలాయి.

సాసరు బోర్లించిన గ్లాసు సాయంత్రం దాకా అట్లాగే ఉంది. చీకటి పడ్డాక అమ్మ ఆ టీ పారబోసి, గ్లాసు కడిగి, ఇంకొకరికి పోసింది. మాకు గ్లాసులు తక్కువ.

తర్వాత విచారణ అని పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మా బెంచీ మీదే కూర్చున్నాడు, కర్చీఫు పరుచుకుని.

"ఆ రోజు బండి ఇక్కడ ఆగిందామ్మా?"

"ఆగదు సార్, నిదానిస్తాది. అప్పుడు చిన్నాయన..."

"ఆగిందా, లేదా? అదొక్కటి చెప్పు."

"ఆగలేదు సార్. ఆగితే ఎక్కించుకున్నట్ట, అందుకని..."

"ఆగలేదు కదా. డ్రైవరు కూడా అదే చెప్పాడు. ఎవర్నీ ఎక్కించుకోలేదని మిగతావాళ్ళూ చెప్పారు." లేచాడు. కర్చీఫు మడుచుకున్నాడు. "టీ బాగుంది" అన్నాడు.

నేను ఆయన వెనకాలే జీపు దాకా పోయాను, మాట్లాడుతూనే. తలుపు వేసుకున్నాడు.

చూశారా, అబద్ధం ఎవరూ ఆడలేదు. బండి నిజంగానే ఆగలేదు. ఎక్కడా ఎవర్నీ ఎక్కించుకోలేదు. మరి ఆ మనిషి గోడౌను లోపలికి ఎట్లా వచ్చాడు? వేడుక చూడడానికి వచ్చాడు. వేడుక చూడడానికి వచ్చినవాడు గంగాళాల దగ్గరికి ఎందుకు పోయాడు? ఇక దానికి జవాబు చెప్పడానికి టెంట్ హౌస్ ఓనరు ఉండనే ఉన్నాడు. "అందురూ ముందర మంట ఆర్పతా ఉంటే, ఈయప్ప ఎనక నుంచి ఇత్తడి ఏసుకొని పోదామని సూసినాడు" అన్నాడు. కాలిపోయిన సరుకు బాధలో అన్నాడేమో మొదట. తర్వాత అది ఊరి మాటైపోయింది. ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆయన బండి వెనక వేలాడడం చూసినవాడే. చూసిన కళ్ళతోనే నమ్మారు. దొంగ అంటే నమ్మడం సులువు కదా, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

డ్రైవరన్న ఒక్కసారే వచ్చాడు, అంగడి కట్టేసే వేళకు, వెనక వైపు నుంచి. వాచ్‌మన్ సంగతి, రెండోసారి అడగని సంగతి ఆయన చెప్తేనే నాకు తెలిసింది. "పొగలో నా చెయ్యి యిడిపించుకొని పోయినాడు పాపా" అన్నాడు. ఏడ్చాడు కూడా.

"ఇదంతా ఆ విచారణ ఆయన్తో చెప్పుండొచ్చు గదన్నా?"

"ఎట్ల చెప్పేది? నేను తీసకపోయినా అంటే నా ఉద్యోగం పాయ, ఇంకో ఇద్దురివి పాయ. ఉండేదే ముగ్గురం. ఈ ఊరికి బండే ఉండదు. ఆయప్ప ఎట్లాగూ పోయినాడు. పోయినోడికి ఏం కావాల?"

"చిన్నమ్మ పోలేదన్నా" అన్నాను. "పక్క బంకులోనే ఉండాది."

ఆ తర్వాత ఆయన మా అంగడికి టీకి రాలేదు. కానీ ఒక సంగతి ఉంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఇప్పటికీ, మామూలుగా నిదానించే దానికన్నా ఎక్కువగానే నిదానిస్తుంది. గంట కొట్టడు. బ్రేకు తొక్కే కాలికి అలవాటైంది కాబోలు. బండి వెనక మెట్టు ఖాళీగా మా ముందు నుంచి నిదానంగా పోతుంటే, చిన్నమ్మ మిషను తొక్కడం ఆపేసేది. బండి దాటినాక మళ్ళీ తొక్కేది.

ఈ ఏడాదంతా ఆమే బంకు నడిపింది. పనిమంతురాలు. చెప్పిన రోజుకే కవరు ఇచ్చేది. అయినా ఆటోవాళ్ళు వచ్చి, "గంగాళానికి కూడా కవరు కుడతావా అత్తా?" అనేవాళ్ళు. నేను సలసల కాగే పాలు తీసుకుని ఒకడి మీదికి పోయాను కూడా. అమ్మ జుట్టు పట్టి లాగింది.

గ్రౌండు నుంచి ఫ్లాస్కు మోసుకుని వచ్చిన రోజు సాయంత్రం చిన్నమ్మ అడిగింది. "ఆడ ఏం చేసినారు పాపా?"

"ఏముంది, తొట్టికి అగ్గి పెట్టి నురుగు చల్లినారు."

"ఇంగేం అన్నారు?"

"ఇంగేం లేదు చిన్నమ్మా."

ఆమె నవ్వింది. నాకంటే ముందే ఎవరో వచ్చి చెప్పి పోయారు. నవ్విన జనమే, పనిగట్టుకుని. "కోట్లు వచ్చినాయంట గదా, వీపు మీద పేరు రాసి" అంది. "కుట్టు ఎట్లుండాది? గట్టి కుట్టేనా?"

నేను కుట్టు చూడలేదని చెప్పాను.

"రేపు గూడూరు పోతా ఉండా. మా అక్క తావ. నిమ్మకాయల మండీలో కాయలు ఏరే పని ఉండాదంట. ఆడ నన్ను గంగాళపాయన పెండ్లామనరు."

"పోవద్దు చిన్నమ్మా" అన్నాను. గలగలా మాట్లాడేదాన్ని, ఊరందరికీ నా నోరు తెలుసు, ఆ పూట నోరు పనికిరాలేదు.

"వాళ్ళు నాకేమీ ఇయ్యొద్దు పాపా" అంది చిన్నమ్మ, స్పాంజి ముక్కలు మూటగట్టుకుంటూ. "ఉద్యోగం వద్దు, శాలువా వద్దు. మాతోనే వచ్చినాడు అని, ఆ బండిలో వాళ్ళు ఒక్కరు, నలుగురు ఇనేటట్టు, ఒక్క మాట చెప్తే సాలు. నేనీడే ఉంటా. ఈ మిషను ఆయన కాలికి అలవాటైన మిషను. దీన్ని మోసుకొని యాడికి పోయేది?"

మర్నాడు పొద్దున ఆమె మిషను తలకాయ విప్పి గోతాంలో పెడుతోంది. మా బెంచీలు నిండుగా ఉన్నాయి. ఆ టైముకు టెంట్ హౌస్ బామ్మర్ది కూడా వస్తాడు, చక్కెర ఎక్కువ వేసిన టీ కోసం. రోజూలాగే ఫైరింజను నీళ్ళు పట్టుకోవడానికి ట్యాంకు దగ్గరికి బయలుదేరి వచ్చింది. ఎక్కడా మంట లేదు, సైరన్ లేదు. అది చూసుకునే లేచాను. టీ వడగట్టే గుడ్డ చేతిలోనే ఉంది. పోయి స్పీడ్ బ్రేకర్ మీద నిలబడ్డాను.

బండి నిదానించింది. నేను జరగలేదు. ఇంకా నిదానించింది. అమ్మ వెనక నుంచి నా పేరు పెట్టి అరుస్తోంది. బండి నా ముందుకొచ్చి ఆగింది. అక్కడ అది ఆగడం నేను చూడ్డం అదే మొదలు.

డ్రైవరన్న కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఏంది పాపా ఇది? జరుగు. ఎనక బస్సు ఉండాది."

"ఈడ ఎవురెక్కేవాళ్ళన్నా?"

వెనక బస్సువాడు హారన్ కొట్టాడు. బెంచీల మీద ఉన్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. బామ్మర్ది కూడా వచ్చాడు. చిన్నమ్మ గోతాం మూతి ముడి వేస్తున్నది ఆపి, బంకు లోపల నుంచి చూస్తోంది. డ్రైవరన్న ఆమెను చూశాడు. చూసి, స్టీరింగు వైపు తల వంచి, ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి. నాకు వినపడింది. నాకొక్కదానికే వినపడేటట్టు అన్నాడు.

నేను చెవి వెనక చెయ్యి పెట్టి, "గట్టిగా చెప్పన్నా, ఇనపడలా" అన్నాను.